లింబాద్రి సార్ పోయింది ఎండకు కాదు

మా కాలనీ డ్రిల్లు సార్ లింబాద్రి గారు దివంగతులైన సంగతి నాకు గోడ అవతలి నుంచి తెలిసింది. వారి ఇల్లూ మా ఇల్లూ ఒకే ప్రహరీకి అటూ ఇటూ. ఇంకా తెల్లవారలేదు. "ఓ సారూ, లేవరాదు సారూ" అని గంగమణక్క గొంతు వినిపించింది. భార్య కూడా ఆయన్ను సారూ అనే పిలిచేది. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను. వరండాలో నులక మంచం మీద, ఫ్యాను కింద, ముఖాన ఏ బాధా లేకుండా పడుకుని ఉన్నారు. చేయి పట్టుకుంటే చల్లగా తగిలింది. నిన్న సాయంత్రమే కదా ఈ మనిషి మా గేటు ముందు నిలబడి, పనిమనిషిని మిట్టమధ్యాహ్నం మిద్దె మీదికి బట్టలారేయ పంపినందుకు నన్ను నలుగురిలో దులిపి పోయింది!

పొద్దెక్కేసరికి బోధన్ బస్టాండు దగ్గర టీకొట్టులో ఒక మాట పుట్టింది. "ఎండకు పోకుండ్రి, పోకుండ్రి అనేటోడు ఆఖరికి ఎండకే పోయిండట." ఆ మాట సాయంత్రానికి నిజామాబాద్ దాకా పాకిందని సార్ కూతురు, అక్కడ ఉద్యోగం చేసే లతే నాతో చెప్పి ఏడ్చింది. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది. అందుకని ముందుగా ఇది రాసి పెడుతున్నాను. లింబాద్రి సార్ పోయింది ఎండకు కాదు. నిద్రలో, గుండె ఆగి, చల్లటి వేళ పోయారు. ఎండకు పోబోయినవాడు ఆయన పాడె మోసిన మనిషి. అది ఎవరి నిర్వాకమో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ సంస్మరణ సంచికకు నాలుగు మాటలు రాయమని మా కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుడు రాజేశ్వర్ స్వయంగా మా ఇంటికి వచ్చి అడిగాడు. "టీచర్, సార్‌తోని మీరు ఒక్క బడిల పని జేసిన్రు. తెలుగు టీచరు గాబట్టి భాష గూడ మంచిగుంటది. జర అందరు మెచ్చేటట్టు రాయుండ్రి" అన్నాడు. భాష సంగతి నేను చూసుకుంటాను. మెచ్చడం మెచ్చకపోవడం మీ ఇష్టం. ఒక్క వాక్యం కత్తిరించినా మొత్తం వెనక్కి తీసుకుంటానని ముందే చెప్పాను.

కీర్తిశేషులను గురించి మంచే పలకాలన్న మర్యాద నాకూ తెలుసు. కానీ లింబాద్రి సార్ సౌమ్యులు, మృదుభాషి అని రాస్తే ఆయన ఆత్మే వచ్చి నా చెయ్యి పట్టుకుంటుంది. ఆయన నోరు మంచిది కాదు. చిన్నా పెద్దా చూసేవారు కాదు. ఎదుటి మనిషి పెళ్లికి పోతున్నాడా, చావుకు పోతున్నాడా అన్న విచారం లేదు. నెత్తి మీద గుడ్డ లేకపోతే నడిరోడ్డు మీదే నిలదీసేవారు. కాలనీలో ఆయనకు 'వద్దుల సార్' అని పేరు. ఎండాకాలం బయటికి వద్దు, వానాకాలం కాలువ దగ్గరికి వద్దు, చలికాలం మంచులో బండి తీయవద్దు. అసలు ఈ మనిషి ప్రకారం బోధన్‌లో బతకడానికి పనికొచ్చే ఋతువే లేదని నేనే ఒకసారి ముఖం మీద అన్నాను. "బతకనీకి పనికొస్తయి టీచరమ్మా. బేఫికర్‌గ ఉండనీకి పనికిరావు" అన్నారు. ఆయనతో వాదనకు దిగితే గోడకు తల కొట్టుకున్నట్టే.

మేము కలిసి పనిచేసిన తొలి ఏడే ఆ మొండితనం చూశాను. జెండా పండుగనాడు ముఖ్య అతిథి ఉపన్యాసం మొదలుపెట్టాడు. స్వాతంత్ర్య సమర చరిత్ర ఒక కొసకు కూడా రాలేదు, మైదానంలో ఒక పిల్ల కళ్లు తిరిగి కూలింది. దాని పక్కన ఇంకొకతె. అతిథి ఆగలేదు. లింబాద్రి సార్ ముందుకు నడిచి, "బడి మొత్తం, వరండాల్లకు, పరుగెత్తు!" అని కేక పెట్టారు. క్షణంలో మైదానం ఖాళీ. అతిథి జెండా కర్రకు ఉపన్యాసం చెబుతూ మిగిలాడు. హెడ్మాస్టరు గారు గదిలోకి పిలిచి, "అతిథికి అవమానం జరిగిందయ్యా" అంటే, "అతిథి నెత్తి మీద షామియానా ఉన్నది సార్. పోరగాండ్ల నెత్తి మీద ఏమున్నది?" అని అడిగారు. జవాబుగా బదిలీ ఉత్తర్వు వచ్చింది.

ఆయన్ను ముప్కాల్ వైపు పంపారు. శ్రీరాంసాగర్ ఒడ్డున పడితేనన్నా నోరు మూసుకుంటాడని పంపినవారి ఆశ. ఏమీ మూసుకోలేదు. పోచంపాడ్‌లో ఆ డ్యాం గేట్లు ఎత్తిన రోజుల్లో జనం నీళ్లు చూడటానికి తిరునాళ్లకు వచ్చినట్టు వస్తారు. రాతి మెట్లు దిగి, వీపు గోదావరికి పెట్టి, చేతిలో ఫోను ఎత్తి పళ్లికిలిస్తారు. సార్ బడి వదలగానే అక్కడికి పోయి నిలబడేవారట. "నీళ్లకు నీ మొఖం గుర్తుండదు బిడ్డా, ఇవుతలికి రా" అనేవారట. ఆ మాట అక్కడి చేపలు పట్టేవాళ్లు ఇప్పటికీ అంటారని, పరామర్శకు వచ్చిన ఒకాయన చెప్పాడు. మా కాలనీలో మాత్రం ఆయన మాట ఒక్కటీ ఎవరి నోటా నిలవలేదు. పక్కన ఉన్న మనిషి మనకెప్పుడూ లోకువే.

ఉద్యోగ విరమణ తర్వాత బోధన్‌కు తిరిగివచ్చారు. మాకు కష్టకాలం మొదలైంది. చెరుకు కోతల వేళ, మంచు కమ్మిన పొద్దుటిపూట, మా కాలనీ మలుపు దగ్గర ట్రాక్టర్లు ట్రాలీల నిండా చెరుకు వేసుకుని నెమ్మదిస్తాయి. నెమ్మదించగానే జనం వెనక పరుగెత్తి గడలు గుంజుకుంటారు. ఇది ఇక్కడ తరతరాల సరదా. పిల్లలే కాదు, మీసాలు నెరిసినవాళ్లు కూడా గుంజుతారు. కొన్నది తీపి ఉండదట, గుంజుకున్నదే తీపట! గడ రాకపోతే మనిషే చక్రం కిందికి పోతాడన్న ఇంగితం ఎవరికీ లేదు. సార్ మలుపులో నిలబడి ట్రాలీకి చెయ్యి అడ్డం పెట్టి ఆపించేవారు. డ్రైవరుతో ఒక మోపు కింద పడేయించి, "అడుక్కొని తినుండ్రి, గుంజుకొని సావకుండ్రి" అని జనాన్ని కసిరేవారు. అంతటితో ఆగితే బాగుండు. మంచులో ట్రాలీ వెనక భాగం కనబడదని, గంగమణక్కకు బొట్టు పెట్టి ఇచ్చిన ఎర్ర రవికె గుడ్డలన్నీ తీసుకెళ్లి చెరుకు గడల చివర్లకు కట్టారు. "నా పెట్టెల ఎర్ర గుడ్డ అన్నది లేకుంట జేసిండు టీచర్. శుభకార్యానికి పోయి నేను తెస్తే, ట్రాక్టరుకు పోయి ఆయిన కడ్తడు" అని అక్క నాతో మొత్తుకునేది. మొత్తుకుంటూనే మరుసటి పేరంటంలో ఎర్ర గుడ్డే అడిగి తెచ్చేది.

ఇక సాయిలు సంగతి. సాయిలుది మా కాలనీని ఆనుకున్న పొలం. కొంత చెరుకు, కొంత వరి. వరి కోతలప్పుడు అందరిలాగే అతనూ తారు రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసేవాడు. సాయంత్రం కుప్ప చేసి, నల్ల కవరు కప్పి, అంచుల మీద పెద్ద పెద్ద బండరాళ్లు పెట్టేవాడు. చీకట్లో నల్ల కవరు కనబడదు, రాయి అసలే కనబడదు. ఒకనాడు మునిమాపు వేళ మోటారు సైకిలు మీద వస్తున్న దంపతులు ఆ రాయికి తగిలి పడ్డారు. ఆవిడ చెయ్యి విరిగింది. సార్ వెళ్లి, రాళ్లన్నీ ఒక్కొక్కటే ఎత్తి కాలువలో పారేశారు. సాయిలు పరుగెత్తుకొచ్చి ఆయన చొక్కా పట్టాడు.

"రోడ్డు నీ అయ్య జాగీరా సారూ?"

"నా అయ్య జాగీరు గాదు. నీ అయ్య కల్లం గూడ గాదు."

"గాలొచ్చి కవర్ లేస్తే వడ్లు నానుతయి. నానిన వడ్లు నువ్వు కొంటవా? జెప్పు, కొంటవా?"

నేను ఎరిగినంతలో ఆయన జవాబు లేక ఇంటిముఖం పట్టింది అప్పుడే. తెల్లారి చూస్తే వరండాలో ఖాళీ సిమెంటు సంచులు పరుచుకుని, అడుగున ఇసుక, పైన ఊక నింపి దబ్బనంతో కుడుతూ కూర్చున్నారు. "బరువుకు ఇసుక, దెబ్బకు ఊక" అన్నారు నన్ను చూసి. ఆ సంచులు మోసుకెళ్లి సాయిలు కుప్ప చుట్టూ తానే పేర్చారు. సాయిలు గొణుక్కున్నాడు గానీ తీసేయలేదు. మరుసటి కోతలకు తానే కుట్టుకున్నాడు. అంత మాత్రాన వాళ్లిద్దరూ ఆప్తమిత్రులయ్యారని అనుకోకండి. ఎదురుపడితే నువ్వెంత అంటే నువ్వెంత అనుకునేవారు. ఆ రోడ్డు మీద ఇప్పటికీ సగంమంది రాళ్లే పెడుతున్నారు. వాళ్లూ ఈ సంచిక చదువుతారు కాబట్టి రాస్తున్నాను. సిగ్గుపడండి.

ఆయన చెప్పిందల్లా వేదవాక్కని నేననడం లేదు. ఒక ఏడు సద్దుల బతుకమ్మనాడు, ఆడవాళ్లమంతా పట్టుచీరలు కట్టి, బతుకమ్మలను నడుమ పెట్టి ఆట మొదలుపెట్టామో లేదో, బాసర దిక్కున మబ్బు పట్టిందని ఈయన ప్రత్యక్షమయ్యారు. తడి నేల మీద కరెంటు బల్బుల తీగలున్నాయి, పిడుగులు పడతాయి అని బల్బులు ఆర్పించి, అందరినీ పక్కనున్న ఫంక్షన్ హాలులోకి తోలారు. ఇరుకు హాలులో ఒకరి కాళ్లు ఒకరం తొక్కుకుని ఆట ముగించాం. ఒక్క చినుకు పడలేదు. బయటికి వస్తే ఆకాశం నిండా చుక్కలు. ఆ రోజు కాలనీ ఆడవాళ్లు ఆయన్ను తిట్టని తిట్టు లేదు. నేను తిట్టిన తిట్లలో సంస్కృత సమాసాలు కూడా ఉన్నాయి. అన్నీ విని ఆయన, "తప్పైతే నన్ను తిట్టుండ్రి. తిట్టేటందుకు మీరుండాలె గద, గది సాలు నాకు" అన్నారు. అప్పుడు ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు ఆ మాటనే అక్షరం పొల్లు పోకుండా రాస్తున్నాను.

ఎండాకాలం వస్తే మరీ పూనకం వచ్చినట్టు తిరిగేవారు. పసుపు ఉడకబెట్టే పొయ్యిల దగ్గరికీ, ఇటుక బట్టీల దగ్గరికీ పోయి మధ్యాహ్నపు పని మానుకోమనేవారు. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని నమ్మే వాళ్లను చూస్తే ఆయనకు కంపరం. "జేబుల ఉల్లిగడ్డ ఏం జేస్తదిరా? అంబలిల కోసుకొని తాగు, కడుపుల సల్లగుంటది" అనేవారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే ఒక 'వద్దు' పెట్టేవారు. శుభోదయాలకూ పువ్వుల బొమ్మలకూ అడ్డం వస్తోందని రాజేశ్వర్ ఆయన్ను గ్రూపులోంచి తీసేశాడు. ఒక్కరంటే ఒక్కరు ఇదేమని అడగలేదు. సార్ మరునాటి నుంచి ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టి చెప్పడం మొదలుపెట్టారు. అది ఇంకా పెద్ద తలనొప్పి అయింది మీకు. తలుపులు వేసుకున్నారు. టీవీ గొంతు పెంచారు. ఆయన కిటికీలోంచి చెప్పి పోయేవారు.

ఆ మనిషి తన చావును గురించి చెప్పిన మాట ఒకటే. అది గంగమణక్క ముందూ నా ముందూ చాలాసార్లు అన్నారు. "ఎండకాలంల నేను పోతే పొద్దెక్కకముందే తీస్కపోవాలె. లేకుంటే పొద్దు వాలినంక. నా ఎన్క నడిచి ఎవ్వరు పడిపోవద్దు." ఇంతకన్నా కోరింది లేదు. పూలరథం అడిగారా? బ్యాండు అడిగారా?

తెల్లవారుతూనే లత నిజామాబాద్ నుంచి వచ్చేసింది. చుట్టాలంతా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. స్నానం చేయించారు, పాడె కట్టారు. ఎండ ముదరకముందే ఎత్తడానికి సర్వం సిద్ధం. అప్పుడు రాజేశ్వర్ ఫోను చెవికి పెట్టుకుని వచ్చి, ఒక పెద్ద నాయకుడు దండ వేయడానికి బయలుదేరాడన్నాడు.

గంగమణక్క లేవలేక లేచి, "పొద్దెక్కకముందే తీస్కపొమ్మన్నడు తమ్మీ. గదొక్కటే అడిగిండు" అంది.

"బతికినప్పుడు అందరు గట్లనే అంటరు వదినా. ఆయిన దండ ఎయ్యకుండ ఎత్తితే కాలనీ ఇజ్జత్ ఏంగావాలె? మన రోడ్డు పని ఆయిన చేతులనే ఉన్నది."

"సార్ జీవితమంతా జనాన్ని ఎండలోంచి తరిమారు. ఆయన శవం పేరుతో వాళ్లను ఎండలో నిలబెడతారా?" అని నేను గట్టిగానే అడిగాను. "మీరు జర ఊకోండ్రి టీచర్" అన్నారు నలుగురు. ఆ నలుగురి పేర్లూ నాకు తెలుసు. రాయను. వాళ్లకూ తెలుసు.

నాయకుడు మధ్యాహ్నం పన్నెండు దాటాక వచ్చాడు. కారు దిగి, దండ వేసి, ఫోటోకు విచారంగా నిలబడి, కారెక్కాడు. కారు అద్దాల మీద చల్లదనానికి చెమ్మ పట్టి ఉంది. సరే, అయింది కదా, ఇక పొద్దు వాలేదాకా ఆగుదామన్నాను. మూడు దాటితే వర్జ్యమని ఒకరు. డప్పులవాళ్లు ఇంకో ఊరికి పోవాలని మరొకరు. ఇంతసేపు కూర్చున్నాం, ఇంకెంతసేపని ఇంకొకరు. నాయకుడి కోసం ఆగినవాళ్లకు నీడ కోసం ఆగడానికి తీరిక లేకపోయింది.

పాడెకు ముందు భుజం పట్టింది సాయిలు. పొద్దున కబురు తెలిసిన వెంటనే వచ్చి, ఇంత అంబలి అన్నా తాగకుండా వాకిట్లోనే కూర్చున్నాడు. పాడె మోసేవాళ్లు చెప్పులు వేసుకోరని విప్పేశాడు. నెత్తికి చుట్టుకోవాల్సిన తువ్వాల భుజం మీద మడిచి కర్ర కింద పెట్టుకున్నాడు. చెరుకు తోటల నడుమ తారు రోడ్డు, ఎక్కడా చెట్టు నీడ లేదు. నిప్పు కుండ పట్టుకుని లత ముందు నడిచింది, గంగమణక్కా నేనూ వెనక నడిచాం. దారి మధ్యలో ఆచారం ప్రకారం పాడె దింపారు. దింపుడు కల్లం దగ్గర పోయినవారి చెవిలో ముమ్మారు పిలవాలి, ప్రాణం ఉంటే పలుకుతారని. లత వంగి, "బాపూ, బాపూ, బాపూ" అని పిలిచింది. మళ్లీ ఎత్తబోతుంటే సాయిలు లేవలేదు. మోకాళ్ల మీద కూలి, పక్కకు ఒరిగాడు. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. ఏదో మాట్లాడుతున్నాడు, ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆ మాటలు కూడా ఆగిపోయాయి.

అంతమంది మగవాళ్లు గుండ్రంగా నిలబడి చూశారు. ఒకడు సీసా తీసి సాయిలు నోట్లో నీళ్లు పోయబోయాడు. గంగమణక్క వాడి చెయ్యి విసిరికొట్టింది. "సోయి లేనోని నోట్ల నీళ్లు పోస్తరా? దమ్ము ఆగి సస్తడు" అంది. చితి చుట్టూ తిప్పడానికి తెస్తున్న నీళ్ల కుండను బంధువు చేతిలోంచి గుంజుకుని, సాయిలు నెత్తి మీదా రొమ్ము మీదా కుమ్మరించింది. "అది కర్మ కుండ వదినా!" అని ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు. "ఆయిన కర్మ గిదే. అడ్డం లేవుండ్రి, గాలి రానియ్యుండ్రి" అంది. తన కొంగు పరిచి నీడ పట్టింది. నేనూ లతా మా కొంగులు పట్టాం. అంబులెన్సు వచ్చేదాకా అలాగే నిలబడ్డాం. సాయిలు ఆస్పత్రిలో కళ్లు తెరిచాడు. ఇప్పుడు లేచి నడుస్తున్నాడు. మాట ఇంకా కొంచెం తడబడుతోంది. పొద్దు వాలేదాకా ఆగమన్న మనిషి మాట వినని మీ అందరికీ చెబుతున్నాను, సాయిలు బతికింది గంగమణక్క చలవ. మీ గొప్పేమీ లేదు.

లింబాద్రి సార్‌కు నా శ్రద్ధాంజలిగా విశేషణాలేవీ రాయను. ఆయన్ను భరించడం కష్టం. ఆయన లేకుండా ఈ కాలనీలో ఒక ఋతువు గడపడం అంతకన్నా కష్టమని నాకు ఆ రోడ్డు మీదే తెలిసింది. సాయిలు కూలిన ఆ మొదటి క్షణంలో, ఇంకా ఎవరూ కదలకముందే, గుంపులోంచి ఒక గొంతు ప్రాణభయంతో అరిచింది. ఆ గొంతు ఎవరిదో అందరూ విన్నారు, అందరూ విననట్టు నటిస్తున్నారు. అది రాజేశ్వర్‌ది. "అరే, లింబాద్రి సార్‌ను పిలువుండ్రి! జల్ది పిలువుండ్రి!" అని అరిచాడతను. లత పిలిచింది ఆచారం కోసం. రాజేశ్వర్ పిలిచింది మాత్రం నిజంగా ఆయన వస్తారనే. సార్ మా కాళ్ల ముందే, ఎర్రటి ఎండలో, పాడె మీద ఉన్నారు. లేవలేదు.